అడ్డంగా పెట్టిన కవరు

మూడు వారాలుగా ఆ బావామరదళ్ళ మధ్య మాటల్లేవని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. మాటలు తప్ప ఇంకేమీ లేవు. మెట్ల మీద మాటలే, భోజనాల దగ్గర మాటలే, ఒకరు స్నానాల గదిలో ఉంటే తలుపుకి ఇవతల నిలబడి రెండోవారి మాటలే. అన్నీ ఒక్క విషయం మీదే.

ఆ ఇంట్లో పైన కాపురం, కింద ఆఫీసు. పదకొండేళ్ళ కిందట బావ సొంతంగా ఒక డేటాబేస్ తయారుచేశాడు. డేటాబేస్ అంటే మరేం కాదు, లక్ష వస్తువుల వివరాలు వరసగా దాచిపెట్టి, అడిగినప్పుడు అడిగింది తీసి ఇచ్చే యంత్రపు గుమస్తా. కొన్ని లైబ్రరీలు, రెండు విత్తనాల గోదాములు, ఒక ఈతకొలను వాళ్ళు దాన్ని వాడుతున్నారు. వాళ్ళతో ఫోన్లో మాట్లాడి మంచి చేసుకునే పని ఆయన భార్యది, అంటే మరదలికి అక్కది. ఏదైనా కొత్తగా చేర్చినప్పుడు దాన్ని తిప్పి తిప్పి చూసి తప్పులు పట్టే పని చెల్లెలిది. జీతం ఇవ్వకముందు నుంచీ ఆమె చేస్తున్న పని అదేనని బావ అంటాడు. మనిషి ఇంతే ఉంటుంది, కొరికితే మాత్రం కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది అని ఆమెకి మిరియం అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ పేరే నిలిచిపోయింది.

ఇంతకీ గొడవ ఏమిటంటే, గుమస్తాకి ఒక్క పని చెబితే చిక్కు లేదు. ఎర్ర అట్ట పుస్తకాలు తీసిపెట్టమంటే తీసిపెడతాడు. కానీ ఈమధ్య జనం ఆదేశం కడుపులో ఆదేశం పెట్టి పంపుతున్నారు. ముందు ఫలానా పేరుతో కొత్త జాబితా తయారుచెయ్యి, తరవాత అందులో ఈ పుస్తకాలు చేర్చు, ఆ తరవాత లోపల ఇంకో ఆదేశం ఉంటుంది, అందులో ఏముంటే అది చెయ్యి, ఇలాగ. ఆ లోపలి ఆదేశాలను గుమస్తా ఎప్పుడు చదవాలి? పని మొదలుపెట్టకముందే అన్నీ విప్పి, ప్రతి పేరూ ఎవరిదో ఆరా తీసుకోవాలని బావ అంటాడు. దేని వంతు వచ్చినప్పుడు దాన్నే విప్పాలని మిరియం అంటుంది.

మూడు వారాల కిందట ఒక లైబ్రరీ కొత్త భవనంలోకి మారుతూ అలాంటి ఆదేశాల మూటే పంపింది. మొదటి వరసలో ‘పిల్లల గది’ అనే జాబితా తయారుచెయ్యమని ఉంది, రెండో వరసలో అందులో పుస్తకాలు చేర్చమని ఉంది. బావగారి గుమస్తా మూట మొత్తం ముందే చదివేసి, ‘పిల్లల గది’ అనేదేదీ లేదని చెప్పి చేతులు కట్టుకు కూర్చున్నాడు. మొదటి వరస నడిస్తే కదా అది పుట్టేది. లైబ్రేరియన్ ఫోన్ చేసి, ఆ వృత్తివాళ్ళకి అలవాటైన మెత్తని గొంతుతో, పుట్టబోయే బిడ్డకి బడిలో హాజరు వేయమన్నట్టుంది మీ వ్యవహారం అంది. మూడు వారాలు ఓపిక పట్టింది. ఇవాళ నాలుగింటికి తానే వస్తానంది.

పొద్దున్న మెట్ల దగ్గర పందెం పడింది.

“లైబ్రేరియన్ వచ్చేలోపు నీ పద్ధతే సరైందని రుజువు చెయ్యి. పార్సర్ నీ చేతిలో పెడతాను,” అన్నాడు బావ.

మిరియం చెయ్యి రెయిలింగ్ మీదే ఆగిపోయింది. పార్సర్ అంటే గుమస్తాకి చదివి చెప్పే భాగం. వచ్చిన ఆదేశాన్ని విడదీసి అర్థం చేసుకునేది అదే. పదకొండేళ్ళలో బావ దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఆరేళ్ళుగా ఆమె దాని గుమ్మం దగ్గరే నిలబడి తప్పులు పడుతోంది తప్ప లోపలికి అడుగుపెట్టలేదు.

“ఓడిపోతే?” అంది.

“ఏడాదిపాటు మాన్యువల్ తిరగరాస్తావు.”

ఆ మాన్యువల్ నాలుగువందల పేజీలు. పేజీకొకసారి ‘ఇక్కడ నొక్కండి’ అని ఉంటుంది. మిరియానికి అది తలుచుకుంటేనే ఆవలింతలొస్తాయి. అయినా చెయ్యి చాచింది, బావ చేతిలో చెయ్యి వేసింది.

అక్క ఎవరి పక్షమూ కాదు. ఆమె కోరేదల్లా చెవులకి కాస్త శాంతి. మధ్యాహ్నం దాకా ఇద్దరూ పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకరి తెర ఒకరికి చూపించుకుంటూ గొంతులు పెంచుకుంటుంటే వింది వింది, రెండింటికి లేచి నిలబడింది.

“ఆ తెరల మీద మీరిద్దరూ ఏం చూస్తున్నారో నాకు తెలియదు. వచ్చే ఆవిడకీ తెలియదు. చేతుల్తో చేసి చూపించండి. ఇదిగో గది, ఇవిగో పుస్తకాలు, అదిగో అల్మారా. చీటీలు నేను రాస్తాను. గుమస్తాగా మా అత్తగారు కూర్చుంటారు.”

మిరియానికీ ఆవిడ వరసకి అత్తయ్యే, అంటే బావ తల్లి. నలభై ఏళ్ళు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. పదవీ విరమణ చేశాక ఆ వేళ్ళకి పని చాలక, ఇంట్లో చెంచాలూ సాక్సులూ బొత్తాలూ వేరుచేస్తూ ఉంటుంది. ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు కూడా అమ్మ వాటిని వీధుల వారీగా పెడుతుందని కొడుకు వేళాకోళం చేస్తాడు. గుమస్తా ఉద్యోగం అనగానే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని నిమిషంలో కిందికి దిగింది.

అక్క ఆరు చీటీలు రాసింది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, విత్తనాల గోదాము వాళ్ళకి సమాధానం చెబుతూనే రాసింది. ఒక్కో చీటీని ఒక్కో పాత కవరులో పెట్టి, ఐదోదాన్ని మాత్రం కవరులో కవరుగా పెట్టి, అన్నిటినీ ఒక పెద్ద కవరులో వేసి అత్తగారికి అందించింది. గుమస్తా గది మధ్య కూర్చుని చెబుతుంది, బావా మరదలూ మోస్తారు. ఎవరి పద్ధతి నడిచేటప్పుడు వాళ్ళు తామే చదవొచ్చు, లేదా గుమస్తా చేత చదివించవచ్చు.

మొదటి వంతు బావది. ఆరు కవర్లూ, లోపలి కవరూ అన్నీ విప్పి, చీటీలు బల్ల మీద పరిచాడు. మొదటిది చదివాడు. స్టోరు గదిలోని చిన్న బీరువాని ముందుగదిలోకి తెచ్చి దాని మీద ‘పిల్లల గది’ అని కాగితం అంటించాలట. తల ఊపాడు. రెండోది చదివాడు. అల్మారాలోని ఎర్ర అట్ట పుస్తకాలు ‘పిల్లల గది’లో పెట్టాలట. కళ్ళజోడు పైకి తోసుకుని గదంతా కలియచూశాడు. ఆ పేరున్న బీరువా ఎక్కడా లేదు. ఉండదు. ఇంకా స్టోరు గదిలో దుమ్ము కొట్టుకుని ఉంది.

“లేదు,” అన్నాడు నీరసంగా.

“అయిపోయిందా?” అంది అక్క గడియారం చూస్తూ. “నిమిషం కూడా పట్టలేదే.”

“ఏమీ పాడవలేదుగా,” అన్నాడు బావ.

“ఏమీ జరగనూ లేదు,” అంది మిరియం. ఆమెకి అప్పుడే పార్సర్ తన ఒళ్ళో పడ్డట్టుంది. ఒక కుర్చీ చుట్టూ చిన్న ప్రదక్షిణం కూడా చేసింది.

బావ పరిచిన చీటీలను అత్తయ్య ఏరి కవర్లలో పెట్టింది. పెడుతూ ఒక్కో చీటీ మీద బొటనవేలు అలా పోనిచ్చింది. కట్ట సర్దాక చూస్తే ఐదో కవరు మిగతా వాటికి అడ్డంగా ఉంది. మిరియానికి వంకరగా ఉన్నది కనబడితే చెయ్యి ఆగదు. గోడ మీద పటమైనా సరే, పక్కవాళ్ళ చెప్పులైనా సరే. దాన్ని నిలువుగా తిప్పి, కట్ట అంచులు బల్ల మీద తట్టి సమం చేసి, అత్తయ్య కుర్చీలో పెట్టింది. అత్తయ్య అప్పటికి కాగితం అంటించడానికి జిగురు వెతుక్కుంటోంది.

రెండో వంతు మొదలైంది. అత్తయ్య మొదటి కవరు ఒక్కటే విప్పి చదివింది. బావా మరదలూ బీరువాని స్టోరు గదిలోంచి ఈడ్చుకొచ్చారు. కాగితం అంటించారు. రెండో కవరు విప్పింది. ‘పిల్లల గది’ కళ్ళెదుటే ఉంది కాబట్టి ఎర్ర అట్ట పుస్తకాలు చకచకా అందులోకి నడిచాయి. మిరియం ఒక్కో పుస్తకం పెట్టేటప్పుడు బావ వైపు చూసి పెట్టింది. మూడో కవరులో, మిగిలిన పుస్తకాలు నేల మీద పెట్టి అల్మారాని వీధి తలుపు దగ్గరికి జరిపి, అది ఉన్నచోట శుభ్రంగా ఊడవాలని ఉంది.

బావ ఆగాడు. “ఊడవడం డేటాబేస్ పనా?”

“చీటీలో ఉంది,” అంది అక్క. ఆ అల్మారా వెనక ఊడ్చి రెండేళ్ళయింది. ఇలాంటి అవకాశం ఆమె ఎందుకు పోనిస్తుంది?

అల్మారా వెనక నుంచి నిరుడు పోయిన బావ కళ్ళజోడు దొరికింది, ఒక గిన్నె మూత దొరికింది, జత లేని సాక్సు దొరికింది. సాక్సుని అత్తయ్య గుర్తుపట్టి, దాని జత ఫలానా సొరుగులో ఉందని చెప్పింది. బావ తొమ్మిదిసార్లు తుమ్మాడు. నాలుగో కవరులో కుర్చీలన్నీ మెట్ల మీదికి చేర్చమని ఉంది, చేర్చారు. మిరియానికి ఒళ్ళంతా చెమట, జుట్టులో బూజు, అయినా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నాలుగు పనులు నడిచాయి, గుమస్తా ఒక్కసారి కూడా లేదని అనలేదు.

అత్తయ్య ఐదో కవరు విప్పింది, అందులోని కవరు విప్పింది. చీటీ తీసి చదివింది. “అల్మారాని తలుపు దగ్గర నుంచి తీసి.”

“తీసి?” అంది మిరియం.

“అంతే ఉందమ్మాయ్. తీసి.”

తీసి ఎక్కడ పెట్టాలో రాయలేదు. అక్క చీటీ అందుకుని చూసింది, నాలుక కరుచుకుంది. అది రాస్తున్నప్పుడే గోదాము వాళ్ళు వేరుశనగ విత్తనాల గురించి ఏదో అడిగారట. సమాధానం చెప్పి, రాయడం అయిపోయిందనుకుని కవరులో పెట్టేసిందట.

ఆరో చీటీ విప్పితే, నేల మీది పుస్తకాలన్నీ అల్మారాలో వరసగా పెట్టమని ఉంది. తలుపుకి అడ్డంగా ఉన్న అల్మారాలోనా? బావ నేల మీద, పుస్తకాల గుట్టల మధ్య, కూలబడ్డాడు. కూర్చోడానికి కుర్చీ ఉంటే కదా.

సరిగ్గా అప్పుడే గంట మోగింది. ఇంకా మూడున్నరే. ఎవరూ కదలకముందే బయట నుంచి తలుపు తెరుచుకుంది. ఆ అల్మారాకి వెనక చెక్క లేదు. మూడో అరలోంచి లైబ్రేరియన్ ముఖం కనిపించింది. ఆవిడకి అరల మధ్యనుంచి మనుషుల్ని చూడటం అలవాటే కాబట్టి ఏమాత్రం కంగారు పడలేదు. గొంతు ఇంకాస్త తగ్గించి, “మీరు కూడా ఇల్లు మారుతున్నారా?” అని అడిగింది.

అక్క అల్మారాకి ఇవతల నిలబడి జరిగిందంతా వివరించింది. లైబ్రేరియన్ చేతిసంచీ రెండో అరలో పెట్టి, మోచేతులు మూడో అర మీద ఆనించి, శ్రద్ధగా వింది.

ఈలోపు బావకి ప్రాణం లేచొచ్చింది. “చూశావా మరి? ముందే చదివి ఉంటే ఈ సగం వాక్యం పట్టుబడేదా కాదా? నాలుగు పనులు చేశాక మధ్యలో వదిలేసింది నీ పద్ధతి. ఇప్పుడు చూడు, లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట.”

“నువ్వు ముందే చదివావుగా బావా. పట్టుకున్నావా?”

రెండో చీటీ దగ్గర పేరు దొరకలేదని ఆగిపోయిన మనిషి ఐదోదాని దాకా వెళ్ళనేలేదు.

“నేను పట్టుకున్నాను,” అంది అత్తయ్య జిగురు చేతులు తుడుచుకుంటూ. “కవరు అడ్డంగా పెట్టాను కదా. తపాలాలో లోపం ఉన్నదాన్ని మేం కట్టలో అడ్డంగా పెడతాం. అలా పెట్టినది సంచీలోకి ఎక్కదు. మరి ఎలా ఎక్కిందో.”

మిరియానికి కట్ట అంచులు బల్ల మీద తట్టిన చప్పుడు మళ్ళీ వినిపించింది. చూసినవాళ్ళు లేరు. బావ అప్పుడు ముఖం మాడ్చుకుని గడియారం వైపు తిరిగి ఉన్నాడు, అక్క మళ్ళీ ఫోన్లో ఉంది, అత్తయ్య జిగురు వెతుకుతోంది. అత్తయ్యే పొరపాటు పడిందని అందరూ అనుకుంటారు. పెద్దావిడ కదా, ఎవరూ ఏమీ అనరు కూడా. ఇప్పుడు నోరు మూసుకుంటే పందెం కనీసం సమానంలో ఉంటుంది, ఇంకో రోజు ఆడుకోవచ్చు. నోరు విప్పితే, ముందే చూడటం వల్ల లోపం పట్టుబడిందని తానే ఒప్పుకున్నట్టు, ఇక ఏడాదిపాటు ‘ఇక్కడ నొక్కండి’.

అత్తయ్య తన వేళ్ళ వైపు అనుమానంగా చూసుకుంటోంది. నలభై ఏళ్ళలో మొదటిసారి తప్పు చేశాయా అన్నట్టు.

“మీ తప్పు కాదత్తయ్యా. నేనే నిలువుగా తిప్పాను,” అంది మిరియం. “వంకరగా ఉందని సర్దాను. ఓడిపోయాను బావా.”

మరదలు ఓడిపోయానని చెప్పగా వినడం బావకి అదే మొదలు, ఎలా ఆనందించాలో తెలియలేదు.

కానీ మిరియం బుర్ర అక్కడితో ఆగలేదు. ఐదో చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పింది. “మీకు ఎలా తెలిసిందత్తయ్యా? అల్మారా అప్పుడు తలుపు దగ్గర లేదు. ‘పిల్లల గది’ అసలు లేనే లేదు.”

“అవన్నీ నాకెందుకు? చిరునామా పూర్తిగా ఉందా, సగంలో ఆగిందా, కౌంటరు దగ్గర చూసేది అంతే. సగంలో ఆగితే అక్కడే వెనక్కిస్తాం. ఆ ఇల్లు ఉందో లేదో కౌంటరు దగ్గర కూర్చున్నదానికి ఎలా తెలుస్తుంది? కొత్త వీధి కావచ్చు, ఇవాళే గోడలు లేచి ఉండొచ్చు. అది గుమ్మం దాకా వెళ్ళినవాడికి తెలుస్తుంది.”

మిరియం బావ వైపు చూసింది, బావ మిరియం వైపు చూశాడు. మూడు వారాల్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడకుండా ఉన్నది ఆ క్షణమే. తరవాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. తాము ఇన్నాళ్ళూ చదవడం అంటున్నది ఒక పని కాదు, రెండు. వాక్యం పూర్తిగా ఉందా లేదా అన్నది చూడటానికి చీటీ ఒక్కటి చాలు, గదిలోకి తొంగిచూడక్కర్లేదు. కాబట్టి అది అన్ని చీటీలకీ, ఎంత లోపలి చీటీకైనా, ముందే చెయ్యాలి. వాక్యంలో చెప్పిన వస్తువు ఏది, ఎక్కడ ఉంది అన్నది చూడాలంటే గదిలోకి చూడాలి, అది పని చేసే క్షణంలో గది ఎలా ఉందో అలా చూడాలి. కాబట్టి దాన్ని వంతు వచ్చేదాకా ఆపాలి. బావ రెండిటినీ కలిపి ముందుకి లాగాడు. మిరియం రెండిటినీ కలిపి వెనక్కి నెట్టింది.

మూడో అరలోంచి లైబ్రేరియన్ దగ్గింది. “అయితే నా తొమ్మిదో వరసలో వాక్యం సగంలో ఆగితే?”

“మొదటి వరస మొదలుకాకముందే చెప్పేస్తుంది,” అన్నాడు బావ.

“పిల్లల గది ఇంకా పుట్టలేదని మొరాయించదు కదా?”

“రెండో వరస వంతు వచ్చేదాకా దాని ఊసే ఎత్తదు,” అంది మిరియం.

“వంతు వచ్చాక చూసినా లేకపోతే? అప్పటికి సగం పనులు అయిపోయి ఉంటాయిగా.”

“అప్పుడు చేసినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని, మొదట ఎలా ఉందో అలా పెట్టేస్తుందండీ. అది మా దాంట్లో ఎప్పటినుంచో ఉంది,” అన్నాడు బావ గర్వంగా.

లైబ్రేరియన్ మెట్ల మీది కుర్చీలనీ, నేల మీది పుస్తకాల గుట్టలనీ, బీరువా మీది కాగితాన్నీ తీరిగ్గా చూసింది. “అది కూడా చూపిస్తారా?” అని అడిగింది.

చూపించక తప్పలేదు. కుర్చీలు మెట్లు దిగాయి. అల్మారా గోడ దగ్గరికి నడిచింది. పుస్తకాలు నేల మీద నుంచి లేచాయి. ఎర్ర అట్టలు బీరువాలోంచి బయటికొచ్చాయి, కాగితం ఊడింది, బీరువా స్టోరు గదికి పోయింది. ఇప్పుడు లోపలికి రాగలిగిన లైబ్రేరియన్ చెప్పులు విప్పి వచ్చి, పుస్తకాలు పెట్టడంలో చెయ్యి వేసింది. రెండు తప్పు వరసల్లో ఉన్నాయని తీసి మార్చింది కూడా. ఊడ్చిన చెత్తను మళ్ళీ వెనక పోయాలా అని బావ అడిగితే, అది మాత్రం వెనక్కి తీసుకునే పని కాదని అక్క తీర్పు చెప్పింది. అందరికీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. లైబ్రేరియన్ కూడా నవ్వింది, కానీ చప్పుడు కాకుండా.

వారం గడువిచ్చి ఆవిడ వెళ్ళిపోయింది. పందెం ఊసు ఎవరూ ఎత్తలేదు. మిరియం తన బల్ల దగ్గరికి వెళ్ళి, మాన్యువల్ మొదటి పేజీ తెరిచి, బుగ్గన చెయ్యి పెట్టుకు కూర్చుంది. మాట మాటే. ‘ఇక్కడ నొక్కండి’ అన్నచోట కనీసం ‘ఎందుకు నొక్కాలంటే’ అని చేర్చవచ్చునేమో అని ఆలోచించింది. కాసేపటికి జుట్టులో బూజు కడుక్కోడానికి పైకి వెళ్ళొచ్చేసరికి, బల్ల మీది కాగితాల కట్టలో ఒక కవరు అడ్డంగా ఉంది.

చెయ్యి దాన్ని సర్దబోయి ఆగింది. మిరియం రెండు వేళ్ళతో కవరు పైకి తీసి, విప్పి చదివింది. బావ చేతిరాత.

“పార్సర్లో పేర్ల అర్థం వెతికే భాగం రేపటి నుంచి నీది. వాక్యం సరిచూసే భాగం నా దగ్గరే ఉంటుంది. తప్పు ఒప్పుకున్నదాని చేతిలో పెడితే నాకు భయం లేదు. మాన్యువల్ మాత్రం ఏడాదిపాటు”

అంతే ఉంది. వెనక్కి తిప్పి చూసింది, ఖాళీ. లోపల ఇంకో కవరేమైనా ఉందేమోనని దులిపింది. లేదు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పైన అక్క వడ్డిస్తోంది. బావ ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగుతున్నాడు. మిరియం ఆ కవరుని ఆయన కంచానికి అడ్డంగా పెట్టింది.

“కౌంటరు దాటలేదు బావా.”

అత్తయ్య తల ఎత్తకుండానే పక్కనున్న కలం కొడుకు ముందుకి జరిపింది. “పూర్తి చేసి ఇవ్వు నాయనా.”

బావ కలం మూత తీశాడు. ఆ వాక్యాన్ని ఎలా ముగించాలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. అక్కేమో అసలు మాన్యువల్ ఎవరికి కావాలంది, అత్తయ్య తాను రాస్తానంది, బావ ఇద్దరూ చెరో పేజీ అన్నాడు, మిరియం ఒప్పుకోలేదు. వడ్డించినవన్నీ చల్లారిపోతున్నాయి. ఆ ఇంట్లో కొత్త గొడవ శుభ్రంగా మొదలైంది.